నూట ఎనిమిదో పూస

కార్తీక మాసం, శుక్రవారం పొద్దున్న. రామచంద్రపురంలో పెద్దిరాజు గారి ఇంటి పెరటి వరండా. అత్త లోవమ్మ, తెల్లవారగానే హైదరాబాదు నుంచి దిగిన కోడలు దుర్గాశ్రీ.

“ఊడ్చిందే ఊడుస్తున్నావేంటే అమ్మాయ్? ఇది మూడోసారి. ఇంకాసేపుంటే గచ్చు లేచొచ్చేస్తుంది.”

“దుమ్ముందండి అత్తయ్యా.”

“దుమ్మా? నిన్న సాయంత్రం నేనే కడిగేను. ఎక్కడుందా దుమ్ము?”

“మంచం కిందండి.”

“మా మంచం కింద దుమ్ము ఊడవడానికి హైదరాబాదులో గౌతమి రైలెక్కి, సామర్లకోటలో దిగి, బస్సు పట్టుకుని వచ్చేవన్నమాట.”

“మిమ్మల్ని చూడాలనిపించిందండి.”

“దీపావళికి వచ్చి చూసి వెళ్ళి పదిహేను రోజులు కాలేదు. ఈ పదిహేను రోజుల్లో నేనేం మారిపోలేదు. ఒక పన్ను కదుల్తోంది, అంతే. అది చూడ్డానికి సెలవు పెట్టక్కర్లేదు. అబ్బాయికి తినడానికేం చేసిపెట్టి వచ్చేవు?”

“ఆయన వండుకుంటారండి.”

“ఎవరూ? మా సుధాకరే?”

“చారు బానే పెడతారండి. మొన్న ఇంగువ కూడా సరిగ్గా వేసేరు.”

“నా చేతి కింద ఇరవయ్యారేళ్ళు పెరిగేడు. మంచినీళ్ళు ముంచుకుని తాగమంటే బిందె ఎక్కడుందమ్మా అనేవాడు. ఆర్నెల్లలో చారు పెట్టించేసేవు. నీ దగ్గరేదో ఉందే అమ్మాయ్.”

“నేనేం చెయ్యలేదండి. నాకు పొద్దున్న షిఫ్టు ఉన్నప్పుడు ఆకలేసి ఆయనే నేర్చుకున్నారు.”

“సరే. ఇటు చూడు. ఏమైనా విశేషమా?”

“విశేషమేంటండి?”

“విశేషమంటే విశేషమే. పుల్లపుల్లగా ఏమైనా తినాలనుందా? నిన్ననే ఉసిరికాయ కలిపేను. జాడీ మూత తియ్యమంటావా?”

“అబ్బే, అదేం కాదండి.”

“మరి ఆ మొహం ఎర్రబడ్డమేంటి?”

“వంగి ఊడుస్తున్నాను కదండి, అందుకని.”

“గొడవపడ్డారా ఇద్దరూ?”

“లేదండి.”

“విశేషమూ కాదు, గొడవా కాదు. చేటలోకి చెత్త ఎత్తుకుని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతున్నావు. ఏం పోయింది?”

“ఏం పోలేదండి.”

“అయితే ఆ చెత్త పారెయ్.”

“పారేస్తానండి. ఇంకొక్కసారి చూసి.”

“ఇదిగో, ఈ చూడ్డాలతోనే చంపుతావు మనుషుల్ని. దీపావళికి వచ్చినప్పుడు వంటింటి గోడమీద ఏం గీసిపోయేవు? మేకులకి గరిటెలు తగిలించి ఉన్నాయి కదా, వాటి చుట్టూ బొగ్గుతో గీతలు. అట్లకాడకో బొమ్మ, చిల్లుల గరిటెకో బొమ్మ, పట్టకారుకో బొమ్మ. మీ మామగారు అది చూసి, ‘మా కోడలు గోడమీద గరిటెల నీడలు పట్టేసింది’ అని బజారంతా చెప్పుకొచ్చేరు.”

“మా ఫ్యాక్టరీలో అలాగే ఉంటుందండి. బోర్డుమీద ప్రతి పనిముట్టుకీ దాని బొమ్మ గీసుంటుంది. షిఫ్టు అయిపోయేసరికి ఎక్కడిదక్కడ కూర్చోవాలి. ఒక్క బొమ్మ ఖాళీగా కనపడిందంటే ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు.”

“ఒక సుత్తి కోసమా?”

“సుత్తి కోసం కాదండి. ఆ సుత్తి ఎక్కడుందో అని. తోక లోపల వదిలేసి మూసేస్తే?”

“ఏ తోక?”

“హెలికాప్టర్ తోకండి. మేం చేసేది అదే కదా. రేకులకి చిల్లులు పెట్టి రివెట్లు కొట్టి మూసేస్తాం. ఒకసారి మూసేక మళ్ళీ తెరవడం అంటే రివెట్లన్నీ ఊడగొట్టాలి. నా చెయ్యి చిన్నది కదండి, అందరి చేతులూ దూరని చోట నాదే దూరుతుంది. అందుకే ఆ లోపలి పని నాకిచ్చేరు.”

“రాజమండ్రి ఐటీఐలో అంతమంది మగపిల్లల మధ్య ఫిట్టరు చదివిన పిల్ల అంటే ఎంత చెయ్యి ఉంటుందో అనుకున్నాను. పెళ్ళిచూపుల్లో చూస్తే ఇంతే ఉంది, అప్పడమంత.”

“బొమ్మలు పనికొచ్చేయా లేదా, అది చెప్పండి.”

“రాకేం. మొన్న సోమారం చూసేసరికి అట్లకాడ బొమ్మ ఉంది, అట్లకాడ లేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీ నన్నే చూస్తోంది. ఇదివరకు ఏది పోయినా నాకు నెలకి గానీ తెలిసేది కాదు. ఇప్పుడు పూటలోనే తెలిసిపోతోంది. ఇల్లంతా వెతికి వెతికి, ఆఖరికి ఎక్కడుందో తెలుసా? పక్కింటి సంపూర్ణమ్మ గారింట్లో.”

“తెచ్చేసుకున్నారా?”

“అడిగేను. తెస్తానంది. తెస్తుంది. ఏంటి, మళ్ళీ చీపురు పట్టుకున్నావు? అంతా అయిపోయింది కదే. దేవుడి గది ఒక్కటే మిగిలింది.”

“అక్కడ పొద్దున్నే తుడిచేసేనండి. మీరు కాలవ స్నానం నుంచి రాకముందే. దీపం కూడా పెట్టేసేను.”

“దీపం నువ్వు పెట్టేవా? మీ మామగారు పెట్టి ద్రాక్షారం బయల్దేరేరనుకున్నాను.”

“ఆయన బస్సుకి టైమైపోయిందని నన్ను పెట్టమన్నారండి.”

“పటాలు ఏమైనా కదిపేవా?”

“పటాలా? ఎందుకండి?”

“ఏం లేదు. పాత మేకులు. పడతాయని. దేవుడి గది నేను చూసుకుంటాను, నువ్వు ముట్టుకోకు.”

“అలాగేనండి.”

“అలాగేనండి, అలాగేనండి. ఇందాకట్నించీ నువ్వు అంటున్న మాటల్లో అదొక్కటే తిన్నగా ఉంది. చీపురు అక్కడ పెట్టి ఇలా రా. చలేస్తోందా?”

“లేదండి.”

“మరి కొంగు మెడ చుట్టూ అలా చుట్టేవేం? నేను కాలవ నుంచి వచ్చినప్పట్నించీ చూస్తున్నాను. తియ్యి.”

“ఉండనివ్వండి అత్తయ్యా.”

“తియ్యవే. నల్లపూసలేవి?”

“ఉన్నాయండి.”

“ఎక్కడ?”

“ఫ్యాక్టరీలో.”

“ఫ్యాక్టరీలోనా! నల్లపూసలు మెడలో కాకుండా ఫ్యాక్టరీలో ఉన్నాయా?”

“సూత్రాలు తియ్యలేదండి. ఇదిగో, పసుపుతాడుకి కట్టుకునే ఉన్నాను. పూసల దండ ఒక్కటే వాళ్ళు తీసుకుని కవర్లో పెట్టి సీలేసేరు.”

“నువ్వు ఉద్యోగం మాననంటే నేనేమైనా అడ్డుపడ్డానా? ఊళ్ళో అందరూ అడ్డమైన మాటలూ అన్నా నోరెత్తలేదు. ఒక్కటంటే ఒక్కటి అడిగేను.”

“మెడలోంచి తియ్యొద్దన్నారు. నాకు గుర్తుందండి.”

“గుర్తుంటే…”

“లోవమ్మ గారూ! ఉన్నారా?”

“సంపూర్ణమ్మ! కొంగు కప్పుకో. ముందు కొంగు కప్పుకోవే. రండి రండి సంపూర్ణమ్మ గారూ, ఇక్కడే ఉన్నాం.”

“ఇదిగోనమ్మా మీ అట్లకాడ. ఒక్క అట్లకాడ కోసం ముగ్గురితో కబురు పెట్టేరు. అరె, దుర్గాశ్రీ! ఎప్పుడొచ్చేవు? ఒక్కదానివే వచ్చేవే! ఏమ్మా, విశేషమా?”

“కాదండి పిన్నిగారూ.”

“కాదంటే నమ్ముతామా. సరేగానీ, వరదలప్పుడు లంకల మీద పులిహోర పొట్లాలు పడేసేరే, ఆ హెలికాప్టర్లు నువ్వు చేసినవేనా?”

“మేం తోక ఒక్కటే చేస్తామండి. మిగతాది వేరేచోట చేస్తారు.”

“తోక చేస్తేనేం. మా వాళ్ళ మేడమీద పడాల్సిన పొట్లం కొబ్బరిచెట్టుకి చిక్కుకుపోయింది. ఈసారి చేసేటప్పుడు కాస్త తిన్నగా పడేలా చెయ్యమ్మా.”

“చెప్తానండి. పిన్నిగారూ, మిమ్మల్నొకటి అడగనా? మా పదహారు రోజుల పండగనాడు, సూత్రాలు గుచ్చేటప్పుడు మీరు అత్తయ్య పక్కనే కూర్చున్నారు కదా?”

“అవును. పీట పక్క పీటే నాది.”

“నల్లపూసలెన్ని గుచ్చేరండి?”

“ఇప్పుడా లెక్కలెందుకే అమ్మాయ్? సంపూర్ణమ్మ గారికి బోల్డు పనులుంటాయి.”

“పనిదేముంది లోవమ్మ గారూ. నూట ఎనిమిదమ్మా. నేను కళ్ళారా చూసేను. ఊళ్ళో ఎవరూ గుచ్చలేదు అంత నిష్ఠగా, ఒక్కో పూసకీ ఒక్కో నామం చెప్పుకుంటూ.”

“మీరు లెక్కపెట్టేరా?”

“నేనెందుకు లెక్కపెడతాను? మీ అత్త ‘నూట ఎనిమిదీ అయ్యేయి’ అంది. తొమ్మిదిమంది ముత్తైదువలం విన్నాం. ఇంకేం కావాలి?”

“సంపూర్ణమ్మ గారూ, మీ ఇంట్లోంచి ఏదో మాడు వాసన వస్తోందండీ.”

“అయ్యో, పాలు! వస్తానమ్మా. సాయంత్రం రా దుర్గాశ్రీ, ఆ తోక సంగతి చెబుదువుగాని.”

“వెళ్ళిందా?”

“వెళ్ళేరండి.”

“ఆవిడ వీధిలో చెప్పడానికి నువ్వే మాటలు అందించేవు కదే. ఆవిణ్ణి ఎందుకడిగేవు అదంతా?”

“నన్ను సోమవారం అడుగుతారండి, అందుకని. ఫ్యాక్టరీలో ఎంక్వైరీ ఉంది.”

“ఎంక్వైరీయా? నీ మీదా?”

“నా మీదే.”

“కూర్చో. ఆ చీపురు వదిలెయ్. కూర్చుని మొదట్నించీ చెప్పు.”

“మా దగ్గర లోపలికి వెళ్ళేవాళ్ళెవరూ ఒంటిమీద ఏమీ ఉంచుకోకూడదండి. ఉంగరం, గాజు, చెవిదిద్దు, ఆఖరికి చొక్కా గుండీ ఊగుతున్నా ఒప్పుకోరు. మా ఇన్‌స్పెక్టరు శాంతికుమార్ గారని ఉన్నారు. పెద్దాయన. ఆదివారం చర్చిలో వాక్యం చెప్తారు. ఆయన కూడా పెళ్ళి ఉంగరం తీసి లాకర్లో పెట్టే లోపలికొస్తారు.”

“మరి నిన్నెలా రానిచ్చేరు?”

“నేను మీకిచ్చిన మాట చెప్పేను. నవ్వేరు అందరూ. ఆయన నవ్వలేదు. పైవాళ్ళతో మాట్లాడి నా ఒక్కదానికీ పర్మిషన్ ఇప్పించేరు. కోటు లోపల ఉండాలి, పైకి రాకూడదు. రోజూ లోపలికి వెళ్తూ ఒంటిమీదేం ఉన్నాయో లెక్కపెట్టి రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. బైటికొస్తూ మళ్ళీ లెక్కపెట్టి సంతకం పెట్టాలి.”

“ఏం రాసేదానివి?”

“సూత్రాలు రెండు, పగడాలు రెండు, నల్లపూసలు నూట ఎనిమిది.”

“రోజూ?”

“ఆర్నెల్లూ. మొన్న మంగళవారం శాంతికుమార్ గారు ఉన్నట్టుండి తనిఖీ పెట్టేరు. తెల్లగుడ్డ పరిచి, దాని మీద దండ పెట్టి, చిన్న పుల్లతో ఒక్కో పూసా జరిపి లెక్కపెట్టేరు. నూట ఏడు వచ్చేయి. ఇంకోసారి పెట్టేరు. నూట ఏడు. నన్ను పెట్టమన్నారు. నూట ఏడే.”

“దండ తెగిందా ఏంటి?”

“మీరే అంటున్నారా ఆ మాట? పెళ్ళైన కొత్తలో నేను అలా అంటే నా నోరు మూసేరు. ‘తెగింది’ అనకూడదు, ‘పెరిగింది’ అనాలి అని.”

“అనకూడదు. నోరు జారింది. పెరిగిందా?”

“లేదండి, ముడి వేసింది వేసినట్టే ఉంది. ఏం జరిగిందో నా చేత్తో రాసిమ్మని శాంతికుమార్ గారు కాయితం ఇచ్చేరు. కంగారులో నేను కూడా ‘పూస పెరిగినట్టుంది’ అని రాసేను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘తగ్గిందా పెరిగిందా అమ్మా?’ అన్నారు.”

“నవ్వించకే. ఇది నవ్వే సంగతా? ఒక్క పూస. ఆవగింజంత. దానికి ఎంక్వైరీ ఏంటి?”

“తోక లోపల తిరిగే కడ్డీలుంటాయండి. ఆ సందుల్లో ఆవగింజంతది చాలు, ఇరుక్కుంటే పైన ఎగిరేవాడు తిప్పినప్పుడు తిరగదు.”

“తిరక్కపోతే?”

“తిరక్కపోతే అంతేనండి.”

“భగవంతుడా. పోనీ, ఆ రోజు నువ్వు పనిచేసిన తోక తెరిచి చూస్తే పోలా?”

“ఏ రోజు పోయిందో ఎవరికి తెలుసండి? ఆర్నెల్లూ నూట ఎనిమిది అని రాసి ఉంది. నేను చెయ్యి పెట్టినవి పదకొండు తోకలు. ఎనిమిది ఫ్యాక్టరీలో ఉన్నాయి, రివెట్లు ఊడగొడుతున్నారు. నాతో పనిచేసే వాళ్ళు మంగళవారం నుంచీ ఇళ్ళకి సరిగ్గా వెళ్ళలేదు. మూడు వెళ్ళిపోయేయి.”

“ఎక్కడికి?”

“ఎగరడానికి. కిందికి దింపి ఆపేసేరట.”

“నీ ఒక్క పూస కోసం?”

“నా ఒక్క సంతకం కోసమండి. ఏదమ్మా పూస అని శాంతికుమార్ గారు ఒక్క మాట తిట్టలేదు. ‘రోజూ లెక్కపెట్టేవా అమ్మా?’ అని అడిగేరు. నా బ్యాడ్జీ తీసుకుని సొరుగులో పెట్టేసేరు. పూస దొరక్కపోతే ఇంక ఆ గుమ్మం తొక్కనివ్వరు.”

“లెక్కపెట్టేవా మరి?”

“లేదండి.”

“ఒక్క రోజు కూడానా?”

“ఒక్క రోజు కూడా పెట్టలేదండి. రివెట్టు రివెట్టుకీ లెక్క రాస్తాను. డ్రిల్లు బిట్లు ఇచ్చేటప్పుడు పెడతాను, తీసుకునేటప్పుడు పెడతాను. ఇది మాత్రం పెట్టలేదు.”

“అదేంటే? గరిటెలకే బొమ్మలు గీసేదానివి.”

“అత్తగారు తొమ్మిదిమంది ముందు చెప్పిన మాట. దాన్ని మళ్ళీ లెక్కపెడితే మిమ్మల్ని అనుమానించినట్టు ఉండదూ?”

“ఎండ మొహం మీదకొస్తోంది. ఆ అట్లకాడ ఇలా ఇయ్యి, తగిలించేసి వస్తాను.”

“నేను తగిలించి వస్తానండి.”

“వద్దు, కూర్చో. అమ్మాయ్, ఒకవేళ… ఒకవేళ ఆ పూస అసలు తోకలో పడకుండా ఉంటే?”

“అలా అని ఎవరు చెప్పగలరండి?”

“ఎవరో ఒకరు చెబితే నమ్ముతారా మీ శాంతికుమార్ గారు?”

“చెప్పేవాళ్ళని బట్టి.”

“నీకు ఆయన మీద కోపంగా లేదా?”

“లేదండి. ఎగిరే వాళ్ళకి మా మొహాలు తెలీవు కదా అత్తయ్యా. మా సంతకం చూసి ఎక్కుతారు. ఎవరి కొడుకులో.”

“ఎవరి కొడుకులో. నీళ్ళు తాగుతావా?”

“వద్దండి.”

“నేను తాగుతాను. ఉండు, లేవకు. అమ్మాయ్, నువ్వు ఊడవడం మానెయ్. ఎంత ఊడ్చినా నీకు దొరకదు.”

“ఎందుకు దొరకదండి?”

“ఎందుకంటే… ఆ రోజు పొద్దున్నే లేచి, తలకి పోసుకుని, నూట ఎనిమిదీ పళ్ళెంలో లెక్కపెట్టి పోసుకున్నాను. అది నిజం. ప్రమాణం చెయ్యమంటే చేస్తాను. ఒక్కోటీ గుచ్చుకుంటూ వచ్చేను. సంపూర్ణమ్మ చెప్పిందే, నామం చెప్పుకుంటూ అని, అదీ నిజమే. ఆఖరి పూస దగ్గర సూది గట్టిగా పొడిచేనో, పూసే పుచ్చుదో, అంచు చిట్లిపోయింది. మీ అమ్మ ఎదురుగా కూర్చుని నా చేతులవంకే చూస్తోంది. చుట్టూ తొమ్మిదిమంది. చిట్లింది అన్నానంటే ఎన్ని నోళ్ళు, ఎన్ని మాటలు! వాళ్ళనుకునేది పక్కన పెట్టు, నాకే భయం, అబ్బాయికేదో అవుతుందని. చుట్టుపక్కల చూసేను, ఇంకో పూస లేదు. అప్పుడు దుకాణానికి ఎవర్ని పంపను, ఏమని పంపను? గుప్పిట మూసేసేను. ముడి వేసేసి ‘నూట ఎనిమిదీ అయ్యేయి’ అన్నాను.”

“మామయ్య గారికి?”

“ఆయనకీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మెడలోంచి తియ్యొద్దని నీకు ఎందుకంత కట్టడి చేసేననుకున్నావు? ఒక పూస తక్కువున్న దండ. అది తీసి పక్కన పెడితే ఇంకేమవుతుందోనని. ధవళేశ్వరం క్వార్టర్సులో ఉన్న రోజుల్లో మీ మామగారు ఆనకట్ట గేట్లకి గ్రీజు పూయడానికి దిగేవారు. దిగేముందు పెళ్ళి ఉంగరం తీసి నా చేతిలో పెట్టేవారు. చీరకొంగున ముడేసుకుని గట్టుమీద కూర్చునేదాన్ని. అప్పుడు నాకు ఏ భయమూ వెయ్యలేదు. ఉంగరం తీస్తే పెళ్ళి పోతుందా అనుకునేదాన్ని. నీ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయిందో.”

“ఏమీ అవ్వలేదు కదండి. ఆర్నెల్లైంది. మీ అబ్బాయికి ఏమైంది? చారు పెట్టడం వచ్చింది.”

“నువ్వు ఊరుకోవే. నేను ఏడుస్తుంటే నువ్వు చారంటావు.”

“ఏడవకండి.”

“ఇంత చిన్న లెక్క భగవంతుడు చూస్తాడంటావా? నూట ఏడు నామాలకీ నూట ఎనిమిది నామాలకీ తేడా ఆయన పట్టించుకుంటాడా?”

“ఆయన సంగతి నాకు తెలీదండి. శాంతికుమార్ గారు పట్టించుకుంటారు.”

“ఆయన దగ్గరికి నేను రావాలి కదూ.”

“మీరు రావాలని నేననలేదు.”

“నువ్వు అనవు. నీకు ‘అలాగేనండి’ తప్ప వచ్చి చావదు. వీధి చివర ఎస్టీడీ బూత్ తీసుంటాడా ఈపాటికి?”

“తీసే ఉందండి. బస్సు దిగి వస్తూ చూసేను.”

“ఫోన్లో మాట్లాడితే నా మొహం ఆయనకి కనపడదు కదా?”

“కనపడదండి.”

“అయితే ముందు ఫోన్లో చెప్తాను, ఆ ఊడగొడుతున్నవాళ్ళు ఇంటికెళ్ళి భోంచేస్తారు పాపం. ఏమని పిలవాలి ఆయన్ని? సారనా?”

“శాంతికుమార్ గారూ అంటే చాలండి. తెలుగే మాట్లాడతారు. వాళ్ళది అమలాపురం.”

“మనవాడే! అయితే ఇంకా సిగ్గు. తర్వాత సోమవారం నీతో వచ్చి ఎదురుగానే చెప్తాను.”

“సోమవారం మీకు ఉపవాసం కదండి.”

“ఉపవాసంతోనే వస్తాను. నిజం చెప్పడానికి కడుపులో ఏమీ లేకపోతే మంచిదే. మంగళవారం మా అబ్బాయి చారు ఎంత నిజమో అదీ చూస్తాను. మరి నేను చెప్తే నీ బ్యాడ్జీ ఇచ్చేస్తారా?”

“వెంటనే ఇవ్వరండి. పూస తోకలో లేదని తేలుతుంది, ఆ మూడూ మళ్ళీ ఎగురుతాయి. కానీ చూడకుండా సంతకం పెట్టింది నేనే కదా. ఒక నెలో రెణ్ణెల్లో బయట కూర్చోబెడతారు. కూర్చుంటాను.”

“తప్పు నాదైతే నువ్వు కూర్చోవడమేంటి?”

“మీ తప్పు మీదండి, నా తప్పు నాది.”

“ఇద్దరి లెక్కా వేరన్నమాట. సరే. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఈ పసుపుతాడు చాలు. సూత్రాలు రెండే. రెండూ ముట్టుకుని లెక్కపెట్టుకుని రాయి. నల్లపూసలు ఇంటికొచ్చేక వేసుకో. నేనేం అనను.”

“వీధిలో అడిగితే?”

“సంపూర్ణమ్మకి నేనే చెప్తాను. వీధి సంగతి ఆవిడే చూసుకుంటుంది.”

“అయితే బూత్‌కి వెళ్దామాండి?”

“ఉండు, ఆ పూస తెస్తాను. చేతిలో ఉంటే ధైర్యంగా మాట్లాడగలను. ఆర్నెల్లుగా ప్రతి శుక్రవారం దానికీ ఇంత కుంకుమ పెడుతున్నాను. ఎక్కడుందో ఆ దేవుడికీ నాకూ తప్ప నరమానవుడికి తెలీదు.”

“సత్యనారాయణ స్వామి పటం వెనకాల, వెండి భరిణెలో, పసుపు గుడ్డలో ఉందండి. పొద్దున్న దీపం కుందికి బొట్టు పెడదామని కుంకుమ కోసం తీస్తే కనపడింది. నేను తీసుకెళ్ళి చూపిస్తే బజార్లో కొన్నానంటారు, మీరు చెప్తేనే అది నూట ఎనిమిదోది అవుతుంది. అందుకే ఇందాకట్నించీ ఇల్లు ఊడుస్తున్నాను అత్తయ్యా.”